నేను సంతకం పెట్టని ఇల్లు

మార్చి 2, 2013. రెడ్‌మండ్

అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి మళ్ళీ నోటీసు. బాల్కనీలో ప్రింట్లు ఆరేశానట, ఇంకు వాసనొస్తోందని కింది ఫ్లోర్ వాళ్ళు కంప్లైంట్ చేశారట. వాళ్ళ బార్బెక్యూ పొగ మా బెడ్‌రూమ్ నిండా నిండితే మాత్రం అది వాసన కాదు, వీకెండ్.

హైదరాబాద్‌లో ప్రింట్‌మేకింగ్ చదివి, షోలు పెట్టినదాన్ని. ఇక్కడ మా ఆయన వీసా మీద వచ్చిన హెచ్-4 భార్యని. ఉద్యోగం చేయకూడదు. క్రెడిట్ హిస్టరీ లేదు. బట్టలు ఆరేసుకున్నట్టు బొమ్మలు ఆరేసుకునే దిక్కు కూడా లేదు.

మా ఆయన శ్యామ్‌సుందర్ నోటీసు చదివి, సొంతిల్లు కొనేసుకుందాం, అప్పుడెవడూ అడగడు అన్నాడు. సరే, సియాటిల్ సిటీలో చూద్దాం అన్నాను. ఆర్టిస్టులూ ఉండాలి, మా అమ్మాయి వర్షతో ఆడుకోవడానికి పిల్లలూ ఉండాలి. అలాగే అన్నాడు. టీవీ చూస్తూ అన్నాడు.

మార్చి 9

రియల్టర్ రేణు గారు మనవాళ్ళే, నెల్లూరు. ఏం కావాలని నన్నే అడిగారు. చెప్పాను. నడిచి వెళ్ళేంత దగ్గర్లో లైబ్రరీ, వీధిలో పిల్లలు, బొమ్మలు వేసేవాళ్ళో పాడేవాళ్ళో ఇరుగుపొరుగున, బొమ్మలు అచ్చేసే నా ప్రెస్‌కి కాస్త చోటు. శ్రద్ధగా విన్నారు. విని, సిటీ వైపే వెళ్ళకుండా ఇక్కడిక్కడే మూడిళ్ళు చూపించారు. మూడూ ఒకటే ఇల్లు. ప్రతి గుమ్మం దగ్గరా "స్కూల్ రేటింగ్ టెన్ అమ్మా" అన్నారు.

మూడో ఇంట్లో పైన ఒక గది. "ఇది మీ హాబీకి. వద్దనుకుంటే పూజ రూమ్ చేసుకోవచ్చు."

వీధిలో ఒక్క మనిషి లేడు. ఒక గరాజ్ తలుపు తెరుచుకుంది, కారు వెళ్ళిపోయింది, తలుపు మూసుకుంది. ఇక్కడ ఎవరైనా ఉంటారా అమ్మా అని వర్ష అడిగింది.

హాబీ.

మార్చి 12

ఆ మాట ఇంకా గొంతు దిగలేదు.

మార్చి 23

సియాటిల్ డౌన్‌టౌన్‌లో అద్దెకిచ్చే పాత ఇటుకల బిల్డింగ్. అందరూ ఆర్టిస్టులే. కోఆర్డినేటర్ నా ప్రింట్లు ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పట్టుకుని చూసింది. ఈ దేశం వచ్చాక నా పనిని అలా చూసిన మొదటి మనిషి.

అంతలో వర్ష మెట్ల మీద పరిగెత్తింది.

ఆవిడ ముఖం మారింది. ఇక్కడ కెమికల్స్ వాడతాం, సరుకుల లిఫ్ట్ ఉంది, ఫ్యామిలీకి అంత కంఫర్టబుల్‌గా ఉండదేమో అంది. పిల్లలు వద్దని అనలేదు. అంటే చట్టం ఒప్పుకోదు. అనకుండా చెప్పడం బాగా వచ్చు ఆవిడకి.

పిల్లలున్న చోట నేను వాసన. ఆర్టిస్టులున్న చోట నా కూతురు చప్పుడు. మరి మేమిద్దరం కలిసి ఎక్కడ బతకాలి?

తిరిగొస్తుంటే బ్రిడ్జి మీద శ్యామ్ కూనిరాగం తీశాడు. టెన్షన్ తీరితేనే అతనికి పాటొస్తుంది. పళ్ళు కొరుకుతూ నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 11, ఉదయం

రేణు గారి ఫోన్. "కంగ్రాట్స్ గిరిజ గారూ, మీ ఆఫర్ యాక్సెప్ట్ అయింది."

ఏ ఆఫర్ అన్నాను. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నారేమో, శ్యామ్ గారినే అడగండి అన్నారు.

మూడో ఇల్లు. పూజ రూమ్ ఇల్లు.

ఏప్రిల్ 11, సాయంత్రం

వర్ష చదువు కోసమే కదా చేశాను అన్నాడు. గొంతు పెంచలేదు. అతనెప్పుడూ పెంచడు. అందుకే ప్రతిసారీ అరిచింది నేనే అవుతాను.

తర్వాత కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఈ స్టేట్‌లో ఇల్లు కొనాలంటే భార్య కూడా సంతకం పెట్టాలట.

ఫోన్ అతని పేరు మీద. కారు అతని పేరు మీద. నా వీసా అతని వీసాకి తోక. ఇక్కడికొచ్చాక నా సంతకం లేకపోతే ఆగిపోయే పని ఇదొక్కటే వచ్చింది.

పెట్టను అన్నాను.

"రేణు గారి ముందు నా పరువేం కాను?"

"నా ముందు ఏమైంది?"

కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. వాటి పక్కనే అన్నాలు తిన్నాం.

ఏప్రిల్ 20

శ్యామ్‌కి చెప్పకుండా వర్షని తీసుకుని బస్సెక్కాను. సియాటిల్‌లోనే బీకన్ హిల్‌లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో శనివారాలు ప్రింట్ వర్క్‌షాప్ ఉందని లైబ్రరీ బోర్డు మీద చూశాను.

కిందికి దిగితే పాత ప్రెస్, బల్లల కింద పాకుతున్న పిల్లలు. చంకలో బిడ్డని వేసుకుని ఒకావిడ ఇంకు రుద్దుతోంది. పేరు మరిసోల్. మీరెవరు, ఏం చేస్తారు అని అడగలేదు. బిడ్డ ఏడుస్తున్నాడు, ఇది పట్టుకో అని రోలర్ నా చేతిలో పెట్టింది. నా చేయి చూసి, నీకు పనొచ్చన్నమాట అంది. ఎవరో వర్షకి ఏప్రన్ కట్టారు. వెళ్దాం పదమంటే ఏడ్చింది.

మరిసోల్ పక్కింట్లో కింది పోర్షన్ ఖాళీ అవుతోందట. స్కూలెలా ఉంటుందని అడిగాను. మా పెద్దాడు వెళ్తాడు, గొప్పా కాదు, చెడ్డా కాదు అంది. ఇన్నాళ్ళకి ఒకరు నిజం చెప్పారు.

వెనక్కొస్తుంటే బస్సులో కోపంతో ఏడుపొచ్చింది. ఇది ఇంత దగ్గర్లో ఉండగా నేను నా బాల్కనీలో దొంగలా బతికాను.

ఏప్రిల్ 28

ఆ పోర్షన్ చూపించడానికి శ్యామ్‌ని తీసుకెళ్ళాను. పెయింట్ ఊడింది, పార్కింగ్ లేదు, ఆఫీసుకి రెండు బస్సులు మారాలి అన్నాడు. అన్నీ నిజాలే.

"ఇదా నువ్వు అడిగింది?"

ఇదే అన్నాను. నువ్వు రాకపోతే వర్షా నేనూ వస్తాం అన్నాను. ఎలాగో నాకే తెలియదు. నా పేరు మీద ఎవరూ ఇల్లు అద్దెకివ్వరు. అది అతనికీ తెలుసు. ఆ మాట అతని నోటిదాకా వచ్చింది, చూశాను.

అనలేదు.

ఏప్రిల్ 29

రేణు గారికి ఫోన్ చేసి కేన్సిల్ చేశాడు. "మా ఆవిడ ఒప్పుకోలేదండీ" అన్నాడు. మేం వద్దనుకున్నాం అని అనడానికి నోరు రాలేదు.

జూన్ 30. బీకన్ హిల్

సామాను దింపాం. మరిసోల్, వర్క్‌షాప్ వాళ్ళు సోఫా పట్టారు. శ్యామ్ వాళ్ళకి థాంక్స్ చెప్పాడు. నాతో, స్క్రూడ్రైవర్ ఎక్కడ అన్నాడు.

జులై 18

శ్యామ్ ఆలస్యంగా వచ్చాడు. బస్సులో నిద్రపోయి స్టాప్ దాటిపోయాడట, నడిచొస్తుంటే ఒక ఇంటి మెట్ల మీద ముసలావిడ ట్రంపెట్ నేర్చుకుంటోందట. అస్సలు రావడం లేదట. చివరిదాకా నిలబడి విన్నాడట.

ఇది వర్షకి చెప్పాడు. నాకు కాదు.

నాకు ఇంకా కోపంగానే ఉంది. అన్నం వేడి చేశాను.