చెక్క అడుగున గీతలు

ఫైఫ్, స్కాట్లండ్
ఆదివారం

ఇష్బెల్‌కు,

మన ఊరి పాత చర్చీల ఫొటోలు నలభై ఒకటీ అందాయి. రెండు మసకగా ఉన్నాయి.

రేవు దగ్గరి చర్చిలో నువ్వు వెల్లకిలా పడుకుని, మనం కూర్చునే బల్ల ముందు ప్రార్థన పుస్తకాలు పెట్టుకునే చెక్క అడుగుభాగం ఫొటో తీస్తుంటే, "లేవవే, అక్కడేముంది దుమ్ము తప్ప?" అని కసిరాను. తప్పు నాదే.

మీ తాతయ్య పోయాక ఆయన పక్కన కూర్చున్నట్టుండే చోటు నాకు ఆ బల్ల ఒక్కటే. చర్చి అమ్ముడుపోయింది. నిన్న బల్లలన్నీ ఊడదీసి పట్టుకుపోయారు.

నీ ఫొటోను భూతద్దంతో చూశాను. తాతయ్య పెన్సిల్ రాత: "ప్రసంగం వేళ మా ఆవిడ కంటపడకుండా తిన్న పిప్పరమెంట్లు." దాని కింద రెండువందల పదమూడు గీతలు. నేను పట్టుకున్నవి నాలుగే.

నీ మేలు మరిచిపోను తల్లీ. ఇవాళ ఇంట్లోనే ప్రార్థన వేళకు ఒక పిప్పరమెంటు చప్పరించి, ఫొటో వెనక నేనూ ఒక గీత గీశాను.

మీ నాయనమ్మ