గరుకులో నాలుగు రకాలు

కాగితాల కంపెనీ ఆఫీసువారికి వడ్రంగి నమస్కారాలు.

మీరు పంపిన శాండ్ పేపర్ పట్టుబట్టలా ఉంది. రుద్దితే చెక్కకి చక్కిలిగింత తప్ప చలనం లేదు. గరుకుని ఇంగ్లీషులో ‘హార్ష్’ అంటారని పక్కింటి మాస్టారు చెప్పారు. ఈసారి హార్ష్‌గా పంపగలరు.

ఇట్లు, వడ్రంగి.

తా.క. తొందరేం లేదు. మా ఆవిడ పోయాక ఇంట్లో నోరు విప్పేది రంపం ఒక్కటే.

*

ఏమయ్యా వడ్రంగీ,

పట్టులా ఉంటే చొక్కా కుట్టించుకో! మా బుర్ర తినకు.

ఇట్లు, ఫిర్యాదుల గుమాస్తా.

తా.క. కోరినట్టే హార్ష్‌గా పంపాం. క్షమించాలి, ఇంతకన్నా హార్ష్ మా దగ్గర స్టాకు లేదు.

*

గుమాస్తాగారికి నమస్కారాలు.

మీ తిట్లు రెండుసార్లు చదివాను. ఈ ఇంట్లో నన్నెవరైనా తిట్టి రెండేళ్ళయింది మరి. మాస్టారు నాలుక్కరుచుకున్నారు. మనసుకి గీసుకునేది హార్ష్ అట, కాగితం మీది ఇసుక గింజ పెద్దదైతే ‘కోర్స్’ అట. నాక్కావలసింది కోర్స్.

ఇట్లు, వడ్రంగి.

తా.క. కుర్చీ చేతులకి పేళ్ళు లేచి ఉన్నాయి. అందుకే అందులో ఎవరూ కూర్చోవడం లేదని చెప్పుకుంటున్నాను. అసలు వచ్చేవాళ్ళుంటే కదా!

*

చిరంజీవి విద్యార్థికి,

కోర్సులో మీకు సీటు ఖాయం. ఆరు నెలలు. పలక తెచ్చుకోండి.

ఇట్లు, గుమాస్తా.

తా.క. పెద్దవాళ్ళని వెంటబెట్టుకు రావాలి.

*

గుమాస్తాగారూ, నమస్కారం.

నాకు అరవై ఎనిమిది. నాకన్నా పెద్దవాళ్ళు ఈ వీధిలో లేరు. పోనీ, చేత్తో తడిమితే గరుకుగా తగిలేదాన్ని ‘రఫ్’ అంటారట. అదైనా పంపండి.

ఇట్లు, వడ్రంగి.

తా.క. “ఎవరు బాబాయ్, ఇన్ని ఉత్తరాలు?” అన్నాడు పోస్టుమాన్. ఆఫీసన్నాను. నవ్వాడు. నాకెందుకో సిగ్గేసింది.

*

వడ్రంగిగారికి నమస్కారాలు.

రఫ్ అన్నారు కదాని చిత్తుపుస్తకాలు పంపుదామని కట్ట కట్టాను. మళ్ళీ విప్పేశాను. మీతో ఇక ఆడుకోకూడదనిపించింది.

మీకేం కావాలో మీ మొదటి ఉత్తరంలోనే నాకర్థమైంది. పెద్దగింజ కాగితం కోర్స్, దాంతో రుద్దకముందు మీ చెక్క రఫ్. ఇరవయ్యేళ్ళుగా ఈ తేడా కంపెనీలో అందరికీ చెప్పేదాన్ని నేనే. ఇప్పుడు ఫిర్యాదులన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ఈ గదిలో నేనూ, ఓ ఫ్యానూ. సరైన కాగితం పంపేస్తే మీరు మళ్ళీ రాయరుగా?

నెలాఖరుకి ఈ గదీ మూసేస్తున్నారు. కోర్స్ కాగితాలు పది ఇందులో పెట్టాను. కవరు వెనక మా ఇంటి చిరునామా ఉంది.

ఇట్లు, గుమాస్తా (ఆడమనిషినే).

తా.క. మీ మాస్టారు ఒకటి మర్చిపోయారు, ‘రగ్గెడ్’. ఎండకీ వానకీ రాటుదేలి, అయినా చూడబుద్ధేసే మొహాన్ని అలా అంటారు. అద్దంలో చూసుకుని, మీది అలాంటిదో కాదో రాయండి.