నెలవంక మచ్చ

మార్చి 4
ఆసుపత్రి పార్కింగ్ బూత్‌లో కూర్చునే నాకు మనుషులు కనపడరు, చేతులే కనపడతాయి. ఇవాళ గల్లాలో ఒక వింత నాణెం తేలింది. పాత వంతెనకు వందేళ్లు నిండినప్పుడు వేసిన స్మారక నాణెం. తెల్లగా ఉండాల్సింది, అంచున ఊదాగా, మధ్యలో నీలంగా, బంగారంగా ఉంది. ఒక పక్క మాత్రం నెలవంకలా తెల్లటి మచ్చ. నా నాణెం గల్లాలో వేసి దాన్ని తెచ్చుకున్నాను. చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. చెల్లెలికి ఫోటో పంపితే శుభ్రంగా తోముకోమంది.

మార్చి 5
తోమలేదు, బతికిపోయాను. నాణేల కొట్టాయన దీపం కింద అటూ ఇటూ వంచి చూశాడు. తోమి ఉంటే దానికి విలువే ఉండేది కాదట. కాల్చి రంగు తెప్పించే మోసగాళ్లున్నారట, ఇది అలాంటిది కాదట. ఏళ్ల తరబడి కదలకుండా పడుంటేనే ఇలా వస్తుందట. దీని మీద ఇంకో నాణెం వాలి ఉండబట్టి మచ్చ పడింది. ఎవరో ఒకదాని మీద ఒకటి వాల్చి వరసగా పేర్చారన్నాడు. చివరిదాని మీద ఏదీ వాలదు కనక దానికి మచ్చ ఉండదు. ఒక్కటే అయితే బస్సు ఛార్జీ వస్తుంది. వరసంతా దొరికితే నా నాలుగు నెలల జీతం.

నా వస్తువును ఎవరైనా అంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్లయిందో. ఇంకాసేపు కూర్చోవాలనిపించింది. కొట్టు మూయాలన్నాడు.

మార్చి 8
రోజుకొకటి వస్తోంది. సెలవు పెట్టడం మానేశాను.

మార్చి 10
దొరికాడు. చొక్కా చేతికి బొత్తాం ఊడిపోయిన పెద్దాయన. నాణెం ఓసారి చూసుకుని మరీ ఇస్తాడు.

మార్చి 15
ఆగలేక చెప్పేశాను, ఇవి ఖర్చు పెట్టకండి, మంచి ధర వస్తుందని. వెనక కారు హారన్ మోగుతూనే ఉంది. అవి ఆయన భార్యవట. సొరుగులో అట్ట మీద పేర్చుకుందట. ఈ నెల నాలుగున ఆసుపత్రిలో చేరుతూ, పార్కింగ్‌కి రోజుకొకటి వాడమని ఆవిడే ఇచ్చింది. మచ్చ లేనిది తన దగ్గరే ఉంచుకుంది.

"ఇంటికెళ్లే రోజు అది తనే ఇస్తానందమ్మా" అన్నాడు.

నా దగ్గరున్నవి తిరిగి తీసుకోమన్నాను. ఆవిడ లెక్క తప్పుతుంది, వద్దన్నాడు.

మార్చి 16
ధర గురించి ఆలోచించడం మానేశాను.
అబద్ధం. తగ్గించాను.

మార్చి 20
ఇంట్లో అట్ట మీద పేర్చి చూశాను. ఒకదాని మచ్చలో ఇంకోటి సరిగ్గా కూర్చుంటోంది. రోజూ నాణెం రాగానే మచ్చ ఉందేమోనని చూస్తున్నాను. ఉంటే ఆవిడ ఇంకా లోపలే ఉన్నట్టు, అదో బెంగ. ఆవిడ వెళ్లిపోతే ఈ చెయ్యి మళ్లీ రాదు, అదీ బెంగే. సిగ్గుగా ఉంది, కానీ రాసుకోకపోతే ఎవరికి చెప్పను?

మార్చి 23
మచ్చలున్నవాటిలో ఇదే ఆఖరిదన్నాడు. ముఖం చూడబోయేలోపు కారు లోపలికి తీసుకెళ్లాడు.

మార్చి 25
మొన్న లోపలికెళ్లిన ఆయన కారు ఇంకా బయటికి రాలేదు. నాణేలన్నీ కవరులో పెట్టి బ్యాగులోనే తిప్పుతున్నాను. అన్నం సయించడం లేదు.

మార్చి 26, సాయంత్రం
కారు బయటికి వచ్చింది. కిటికీలోంచి వచ్చింది ఆయన చెయ్యి కాదు. సన్నటి చెయ్యి, సూది గుచ్చిన చోట దూది. పక్క సీట్లోంచి ఆయన మీదుగా వంగి చాచింది. అరచేతిలో నిండా రంగున్న నాణెం. ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి, ఇది చెల్లదా అని అడిగింది.

కవరు ఇచ్చి కొట్టాయన చెప్పిందంతా చెప్పాను. ఆవిడ అక్కడే ఒళ్లో పేర్చడం మొదలుపెట్టింది. మధ్యలో ఆపి, ఈ బొత్తాం ఊడినట్టు ఇన్నాళ్లూ కనపడలేదా అని ఆయన్ని దెప్పింది. వరస పూర్తవుతుందని మచ్చ లేనిది కూడా తిరిగి ఇవ్వబోయాను.

"అది ఇవాళ్టి పార్కింగ్‌ది. నువ్వుంచుకో అమ్మాయ్."

గేటు ఎత్తాను.

మార్చి 27
అన్నీ మామూలు నాణేలే. అయినా ఒక్కోటీ తిప్పి చూశాను.