ఓడ పానాకి లొంగిన నట్టు

నవంబరు 16, ఆదివారం. ఉక్కపోత. పొద్దున్నే మేడ మీద ట్యాంకు కడిగాను.

నా పాత బ్రిటిష్ కారు బ్రేకు నట్టు ఈరోజు ఊడకపోతే కారుని తుక్కుకి ఇచ్చేస్తానని ఇంట్లో మాటిచ్చాను.

"పద్నాలుగో నంబరు పానా ఏసి లాగెయ్ బావా, ఏటవుద్ది?" అన్నాడు మా బావ సూరిబాబు.

వద్దన్నాను. అది మిల్లీమీటర్ల పానా, నట్టు అంగుళాల కాలంది. జారితే మూలలు అరిగిపోయి ఇక ఏ పానా పట్టదు. వన్‌టౌన్‌లో పాత ఓడల సామాను అమ్మే బాషా భాయ్ కొట్లోని ఇనప కుప్పంతా వెతికి బ్రిటిష్ కొలత పానా తీసిచ్చాడు. ఇంటికొచ్చి నట్టుకి తొడిగితే కాస్త కూడా ఊగలేదు. ఊపిరి బిగబట్టి లాగాను. కిర్రుమని తిరిగింది!

"ఓర్నాయనో, ఓడ పానాకి లొంగిపోనాది బావా!" అని సూరిబాబు గెంతాడు. నేనూ పైకే నవ్వేశాను. కారు ఇక తుక్కుకి పోదు.

అన్నట్టు, ట్యాంకు మూత పెట్టానా? ఒకసారి చూసి రావాలి.