తెల్లగీత నాబు

ప్రియమైన గువ్వకు,

నేను బాగానే ఉన్నాను. నీ దగ్గు తగ్గిందా? ఆ కుట్టుమిషన్ల దుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే నీకు నామోషీ.

నీతో ఒక చిన్న పని పడింది. వ్యాన్‌లో స్టీరియోకి వాల్యూమ్ తిప్పే నాబు ఊడి ఎక్కడో పడిపోయింది. సీట్ల కిందా, తలుపు సందుల్లోనూ గాలించాను. ఊడ్చినప్పుడు చెత్తతోపాటు పోయి ఉంటుంది. ఇప్పుడక్కడ సన్నటి ఇనుప పుల్ల ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టకారుతో తిప్పుతుంటే, ప్యాకింగు ఫ్యాక్టరీ అమ్మాయిలు నా వెనక కూర్చుని నవ్వుకుంటున్నారు.

మీ గదికి దగ్గర్లో పాత బండి సామాన్ల వీధి ఉందన్నావుగా, అక్కడ చూడు. నల్లటి నాబు, బొటనవేలి గోరంత ఉంటుంది. దాని మీద తెల్లగీత ఉండి తీరాలి. మీ అమ్మ ఆ గీతను డ్యాష్‌బోర్డు మీది పగులుకు ఎదురుగా పెట్టి, "ఇక్కడుంటే సరిగ్గా సరిపోతుంది, ఇక కదపకు" అంది. ఆమె పోయాక కూడా నేను కదపలేదు.

ఫోన్ మాత్రం చెయ్యకు, గరగరమని చంపుతోంది. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు కూడా.

ఆశీస్సులతో,
నాన్న

*

ప్రియమైన నాన్నకు,

ఒక్క నాబు గురించి ఇంత పెద్ద ఉత్తరమా! నాకు సంబంధం చూసినప్పుడు పెళ్ళికొడుకు గురించి కూడా ఇన్ని వివరాలు అడగలేదు నువ్వు.

సెలవు రోజున ఆ వీధంతా తిరిగాను. నల్లవి దొరకలేదు, వెండి రంగుది ఒకటి దొరికింది. గీత లేదు గానీ ఏ పుల్లకైనా పడుతుందట. ఈ కవరులో పెడుతున్నాను. గీత లేకపోతే పాట పాడనంటుందా? చెవికి ఇంపుగా ఉన్నచోట ఆపుకో.

ఆ ఫోన్ బాగుచేయించుకో నాన్నా. నేను చేసినప్పుడల్లా తీస్తావు, "ఆ, సరే, ఉంటాను" అని పెట్టేస్తావు. మొన్న జ్వరంగా ఉందని చెప్పినా అదే మాట అన్నావు. ఆ రోజంతా నీ మీద అలిగాను, నీకు తెలీదు.

నీ గువ్వ

*

ప్రియమైన గువ్వకు,

జ్వరం సంగతి అప్పుడే ఉత్తరం రాసి ఉండాల్సింది తల్లీ. ఇప్పుడెలా ఉంది? మందులు వేసుకున్నావా?

నువ్వు పంపిన వెండి నాబు పనికి రాలేదు. గుండ్రంగా తిరుగుతుందే తప్ప ఎక్కడుందో తెలియదు. ఒకరోజు అమ్మాయిలు చెవులు మూసుకుని నా భుజం తట్టారు, మరుసటి రోజు అసలు పాటే లేదన్నారు. ఈ గొడవ యజమాని దాకా పోయింది. "వయసైపోయిందా ఏంటి, బండి ఇంకొకడికి ఇవ్వమంటావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, అతని నవ్వు సంగతి నాకు తెలుసు.

పాట లేకుండా నడపమంటావేమో, అది నావల్ల కాదు. పాట ఆగితే అందరూ నాతో మాటలు పెట్టుకుంటారు. నా వెనక సీట్లో కళ్ళజోడు అమ్మాయి ఒకతి ఉంది, నీ వయసే. దాని నోటికి తాళం ఉండదు. పాట హాయిగా మోగుతుంటే వాళ్ళలో వాళ్ళు పాడుకుంటారు, నా జోలికి ఎవరూ రారు. బండి చేజారిపోతే ఈ వయసులో నాకు ఎవరిస్తారు పని? గీత ఉన్నదే చూడమ్మా.

నాన్న

*

ప్రియమైన నాన్నకు,

దొరికింది! పాడైన స్టీరియోలు విప్పి అమ్మే తాత ఒకాయన ఉన్నాడు. ఆయన డబ్బా నిండా నాబులే. నేల మీద కూర్చుని పప్పులో రాళ్ళు ఏరినట్టు ఏరాను. నల్లటిది, బొటనవేలి గోరంతే, తెల్లగీతతో సహా ఉంది. నా చేతులకు అంటిన జిడ్డు చూసి మా సూపర్‌వైజరమ్మ బట్ట ముట్టుకోనివ్వలేదు.

ఇకనైనా యజమాని నోరు మూయించు. అమ్మ పెట్టినచోటే పెట్టుకో. జ్వరం ఎప్పుడో తగ్గింది, అలక కూడా.

నీ గువ్వ

*

ప్రియమైన గువ్వకు,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

నాబు అందింది. సాయంత్రం ఫ్యాక్టరీ ఆవరణలో అమ్మాయిల కోసం కాచుకుని ఉన్నప్పుడు, గీతను పగులుకు ఎదురుగా పెట్టి నొక్కాను. చక్కగా పట్టింది. పాట పెట్టి, బండిని గేటు దగ్గరికి వెనక్కి తీస్తున్నాను. కళ్ళజోడు అమ్మాయి జారిపోయిన సంచి కోసం బండి వెనక వంగిందట. కాపలావాడు ఆపమని అరిచాడట. ఆమె కూడా అరిచిందట. చక్రం మోకాలి మీదికి ఎక్కింది.

కాలు తీసెయ్యలేదు గానీ ఇక మునుపటిలా నిలబడలేదన్నారు డాక్టర్లు. ప్యాకింగు పనంతా నిలబడి చేసేదే.

స్టీరియో ఆవరణంతా దద్దరిల్లేలా మోగిందని అందరూ సాక్ష్యం చెప్పారు. ఆ మోతలో ఎవరికైనా ఏం వినపడుతుందని పోలీసులూ అన్నారు. బజారు నాబులు అంతేనేమో. యజమాని స్టీరియో పీకించేశాడు, హెచ్చరించి వదిలేశాడు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మళ్ళీ బండి ఎక్కమన్నాడు.

నువ్వు మనసు పాడుచేసుకోకు.

నాన్న

*

ప్రియమైన నాన్నకు,

మనసు పాడుచేసుకోవద్దన్నావు. నీ ఉత్తరం చదివినప్పట్నుంచీ ఆ అమ్మాయి కాలు నేనే విరగ్గొట్టినట్టు ఉంది. డబ్బాలో ఏరి ఏరి ఆ నాబునే ఎందుకు తీశానా అని ఏడ్చాను. చివరికి కోపం పట్టలేక ఆ తాత మీదికి గొడవకు వెళ్ళాను.

ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. "నాబులో ఏముందమ్మా? అదొక ప్లాస్టిక్ టోపీ. ఆ పుల్లకు చుట్టూ పళ్ళుంటాయి, ఎటు పెట్టినా పట్టేస్తుంది. ముందు పాట పెట్టి, సరిపోయేదాకా పుల్ల తిప్పి, అప్పుడు గీతను కావలసినచోటికి తెచ్చి నొక్కాలి. చెవులున్నవాడెవడైనా అలాగే చేస్తాడు."

ఆయన తిట్టడానికే అలా అన్నాడు. నాకు మాత్రం ఫోన్ గరగర, నా జ్వరానికి నువ్వన్న "ఆ, సరే", పాట ఆగితే నీకు పట్టుకునే భయం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఆదివారం నేను వచ్చాను నాన్నా. నువ్వు వీధిలో వ్యాన్ చక్రాలు కడుగుతున్నావు. నీ వెనక నిలబడి పిలిచాను. పక్కింటావిడ కిటికీ తెరిచి చూసేంత గట్టిగా పిలిచాను. నువ్వు బురద గీకుతూనే ఉన్నావు. నీ ముందుకు రాకుండానే బస్సెక్కేశాను. వస్తే నా పెదవులు చూసి, నవ్వి, జవాబు చెప్పేస్తావు. నేను మళ్ళీ నమ్మేస్తాను.

చెవులు పోవడం నీ తప్పు కాదు. కానీ ఆ నేరం పాట మీదికీ, నా నాబు మీదికీ పోతుంటే ఊరుకున్నావు చూడు, అది నాకు మింగుడు పడటం లేదు. ఒకటో తారీఖు నుంచి మళ్ళీ ఆ పిల్లల్నే ఎక్కించుకుంటావా? అందుకే మీ యజమానికి కూడా ఉత్తరం రాశాను. నన్ను తిట్టుకో. తిట్టుకున్నాక నా గదికి వచ్చెయ్యి. ఇద్దరికీ చోటుంది.

నీ గువ్వ

*

ప్రియమైన గువ్వకు,

నీ ఉత్తరం చదవగానే నిన్ను తిట్టుకున్నమాట నిజం. బండి తాళాలు పట్టుకుని యజమాని ఇంటికి వెళ్ళాను. ఎలాగూ తెలిసిపోయిందనుకున్నాను. ఆయన కాఫీ ఇచ్చి, రేపు త్వరగా రమ్మన్నాడు. నీ ఉత్తరం ఆయనకింకా అందలేదు.

కాఫీ తాగేంతసేపూ అనుకున్నాను, తపాలావాడికి ఎదురెళ్ళి ఆ కవరు చింపేస్తే సరిపోతుంది కదా అని. నీ దగ్గర దాచడం ఎందుకు, నిజంగానే అనుకున్నాను. తర్వాత తాళాలు బల్ల మీద పెట్టి, నాకు వినపడదని చెప్పాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. మీ అమ్మతో కూడా అనలేదు, ఆమే తెలుసుకుని గీత పెట్టింది.

నీ నెత్తిన ఆ నేరం వెయ్యడానికి నాకు చేతులెలా వచ్చాయో తెలియదు తల్లీ. ఆ నాబులో ఏ లోపమూ లేదు.

అక్కణ్ణుంచి ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మంచం మీద ఉంది, కాలికి కట్టు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుంది. పాట మోతేమీ కాదు, పాట లేకపోయినా నీ అరుపు నాకు వినపడేది కాదని చెప్పాను. తను మొహం గోడవైపు తిప్పుకుని ఏదో అంది. వాళ్ళమ్మ ఉలిక్కిపడి దానివైపు చూడబట్టి, ఏదో అందని తెలిసింది.

ఏమందో నాకు తెలియదు. మళ్ళీ చెప్పమని ఆ పిల్లనెలా అడగను? తలవంచుకుని బయటికొచ్చేశాను.

నీ దగ్గరికి వస్తాను. ముందు నువ్వొకసారి ఇటు వచ్చి, ఆ అమ్మాయిని అడిగి, ఏమందో నాకు కాగితం మీద రాసి ఇవ్వు. తిట్టయితే తిట్టే రాయి, మార్చకు.

నీ నాన్న