కిటికీ వైపు తిరిగిన కుర్చీ

రాజన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాచారంలో మన యాడ్ ఏజెన్సీ ఆఫీసులో నీ క్రియేటివ్ డైరెక్టర్ గది ఇప్పుడు నాది. నీ కుర్చీలో మాత్రం నేను కూర్చోను. అది ఇంకా కిటికీ వైపే, మౌలాలి గుట్టను చూస్తూ ఉంది. దాని వీపు ఎంత ఎత్తంటే, వెనక నుంచి చూస్తే అందులో మనిషి ఉన్నదీ లేనిదీ తెలీదు.

మేం రేడియో యాడ్ రాసుకొచ్చి చదువుతుంటే నువ్వు మాకు వీపు పెట్టి వినేవాడివి. "నీ మొఖం సూస్తే జాలి పడ్త. రేడియో ఇనేటోనికి నీ మొఖం కనిపిస్తదా?" అనేవాడివి. బాగుంటే కుర్చీ మా వైపు తిరిగేది. నచ్చకపోతే కదిలేవాడివి కాదు.

ఇవాళ కావ్య అని కొత్తగా చేరిన పిల్ల, బోడుప్పల్ అపార్ట్‌మెంట్ల యాడ్ రాసుకొచ్చింది. నిన్నెప్పుడూ చూడలేదు. ఇక్కడి అలవాటు ఎవరో చెప్పినట్టున్నారు, నాకు కాకుండా నీ కుర్చీకే చదివి వినిపించింది. పర్లేదనిపించి సరే అనబోయాను. కుర్చీ తిరగలేదని చూసి తను, "ఇంకోసారి రాస్త సార్" అని వెళ్లిపోయింది.

సాయంత్రం మళ్లీ వచ్చి చదివింది. గొప్పలన్నీ తీసేసింది. పొద్దున్నే ఉప్పల్ బస్సెక్కే తల్లి, పైన బాల్కనీలోంచి చెయ్యూపే బిడ్డ, అంతే మిగిలారు. బాగుందని తలూపాను. ఆ పిల్ల మాత్రం నీ కుర్చీనే చూస్తోంది.

నువ్వయితే తిరిగేవాడివన్నా. అందుకే లేచి కుర్చీ మీద చెయ్యి వేశాను. దాన్ని ఏడాదిగా ఎవరూ ఎందుకు ముట్టలేదో అప్పుడు తెలిసింది. అయినా తిప్పాను.

ఇద్దరం ఒకేసారి చూశాం. నువ్వు లేవు.