వేళకాని కూత

చిలకలూరిపేట,
12 ఫిబ్రవరి 2007.

అన్నయ్యకు నస్రత్ సలాములు. అమ్మా నేనూ బాగున్నాం. పుణెలో నువ్వూ బాగానే ఉండి ఉంటావు. ఇవాళ్టిదాకా బాగులేనిదల్లా మిల్లులో ఆదెయ్య బాబాయే. ఫోన్లో అయితే నా మాట పూర్తికాకముందే అరుస్తావు, అందుకే ఉత్తరం.

“ఆదెయ్య మళ్ళీ తాగి సైరన్ మోగించాడా?” అని రాశావు. తాగలేదు, మోగించలేదు. మోగించింది నీ ఫైలు!

షిఫ్టు మారేటప్పుడు సైరన్ మోగించడానికి నువ్వు రాసిచ్చిన పైథాన్ ఫైలును రోజూ నడిపేది ఆదెయ్యే. షిఫ్టు వేళలన్నీ అందులోనే ఉన్నాయి కదా, మళ్ళీ టైపు కొట్టడమెందుకని, మిల్లు ఆఫీసులో నేను రాస్తున్న హాజరు ప్రోగ్రాంలోకి దాన్ని ఇంపోర్ట్ చేసి అరువు తెచ్చుకున్నాను. అంతే, పట్టపగలు పదకొండింటికి మిల్లు కూత లేచింది. వేళకాని కూత అంటే ఇక్కడ పత్తికి నిప్పంటుకుందనే అర్థం. రెండొందలమంది మిషన్లు వదిలేసి గేటుకు పరిగెత్తారు. ఓనరుగారు ఆదెయ్యను అందరి ముందూ తిట్టి, “రేపట్నుంచి రావొద్దు, ఫో!” అన్నారు.

పక్కింటి వెంకటరావమ్మగారిని జల్లెడ అరువడిగితే జల్లెడ ఇస్తుంది. మనింటికొచ్చి కారం కొట్టి పోతుందా? నీ ఫైలు అదే చేసింది. తనను నేరుగా నడిపారా, వేరే ఫైలు అరువుకు పిలిచిందా అని అది చూసుకోవద్దూ? నేరుగా నడిపితే దాని పేరు మెయిన్, పిలిస్తే దాని సొంత పేరు. మెయిన్ అయితేనే మోగించమని ఒక్క వరుస రాస్తే నీ సొమ్మేం పోయేది? పెద్ద ఇంజనీరువి! ఆ వరుస నేనే వెతికి నేర్చుకున్నాను.

“నువ్వెందుకు ముట్టుకున్నావ్?” అని గంతులెయ్యకు. ఇంకో సంగతుంది.

కూత ఎందుకు లేచిందో నాకు ఆ రోజే తెలుసు. వెంటనే ఫైలు తెరిచి, చివరి వరుసలో మోగించమని ఉండటం చూశాను. ఆదెయ్య అన్నం క్యారేజీ పట్టుకుని గేటు దాటుతుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నా ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. తొమ్మిది రోజులు!

ఇవాళ ఓనరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మెయిన్ వరుస పెట్టి ఇంపోర్ట్ చేశాను. కూత లేదు. అందరికీ ముందే చెప్పించి, వరుస తీసేసి మళ్ళీ చేశాను. లేచింది. ఆయన ఆదెయ్యకు కబురు పెట్టారు.

సాయంత్రం ఆదెయ్య వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

“నేను మోగించలేదని నాకు తెలుసమ్మాయ్. నీకెప్పుడు తెలిసింది?” అన్నాడు.

“ఇవాళే, బాబాయ్” అన్నాను.

నమ్మాడు. నాకు టీ కూడా తెప్పించాడు. తాగాను, అన్నయ్యా.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని, తన మీద తనకు అసలే తగ్గని
నీ చెల్లెలు
నస్రత్